కొరియన్ క్లాసు, ఇంటి చదువు: రెండూ పెట్టుకుని భాష రాకుండా చూసుకునే చిట్కాలు

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక మన పక్క కొరియన్ భాషకు గిరాకీ పెరిగింది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసేలా కట్టిన ఫ్యాక్టరీ. దాని వెనకే విడిభాగాల కంపెనీలు వచ్చాయి, కొరియా ఇంజినీర్లు వచ్చారు, వాళ్ల తిండికి హోటళ్లు వచ్చాయి, హైవే పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు లేచాయి. దాంతో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలు రెండు పనులు నెత్తిన పెట్టుకుంటున్నారు. ఒకటి, కొరియన్ క్లాసుకు పోవడం. రెండోది, ఇంట్లో సొంతంగా చదువుకోవడం.

రెండూ కలిపి సక్రమంగా చేస్తే ఏడాది తిరిగేసరికి భాష వచ్చేస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. భాష వచ్చినవాణ్ణి షిఫ్టు అయిపోయినా ఇంటికి పంపరు. ప్రతి మీటింగులో ఇద్దరి మధ్య కూర్చోబెడతారు. కొరియా సారుకు కోపం వస్తే ఆ తిట్లు వాడి నోటితోనే మనవాళ్లకు చెప్పిస్తారు, మనవాళ్ల సమాధానం మళ్లీ వాడి నోటితోనే వెనక్కి పంపిస్తారు. భాష రానివాడు టైముకు బస్సెక్కి, దారిలో టీ తాగి, ఇల్లు చేరుతాడు. మీరు ఇల్లు చేరాలని నా కోరిక. అందుకే ఇవన్నీ విడమరచి చెబుతున్నాను.

మూలసూత్రం ఇది, బాగా పట్టుకోండి: క్లాసు ఉంది కాబట్టి ఇంట్లో చదవక్కర్లేదు. ఇంట్లో చదువుతున్నాం కాబట్టి క్లాసుకు పోనక్కర్లేదు.

1. రెండూ ఒకే రోజు మొదలుపెట్టండి. ఒక్క క్లాసులో మాత్రమే చేరితే చిక్కు: పోకపోతే ఫీజు దండగని ఇంట్లో గొడవ. ఒక్క ఇంటి చదువు మాత్రమే పెట్టుకున్నా చిక్కే: చదవకపోతే తప్పు మొత్తం మీ మీదే పడుతుంది. రెండూ ఉంటే తప్పు ఎప్పుడూ రెండోదానిది. ఫీజు కట్టిన సాయంత్రమే ఫోనులో యాప్ ఎక్కించండి, నోటుబుక్కు కొనండి, నాలుగు రంగుల హైలైటర్లు కొనండి, టైంటేబుల్ గీసి గోడకు అంటించండి. ఆ గోడను ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టండి. మొదటి వారం పని అయిపోయింది.

2. క్లాసు దూరంగా ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఉండేది హిందూపురంలో అయితే ధర్మవరంలో చేరండి, ధర్మవరంలో అయితే హిందూపురంలో చేరండి. మూడు ఊళ్లూ బెంగళూరు–గుంతకల్లు రైలు దారి మీదే ఉన్నాయి కాబట్టి పోయిరావడం సులభమేనని ఇంట్లో నమ్మించవచ్చు. క్లాసు మీ వీధిలోనే ఉంటే మీకు మిగిలే సాకు జ్వరం ఒక్కటే, అది కూడా నెలకు ఒక్కసారే చెల్లుతుంది. దూరంగా ఉంటే రైలు లేటు, క్రాసింగులో ఆపేశారు, బస్సులో కాలు పెట్టే చోటు లేదు, మధ్యలో టైరు పంక్చరు. ధర్మవరంవాళ్లకు పెళ్లిళ్ల సీజనంతా పట్టుచీరల పని ఉండనే ఉంటుంది. పెనుకొండవాళ్లకు బాబయ్యస్వామి ఉరుసు ఉంది. ఏదీ లేని రోజు "షిఫ్టు మార్చినారు సార్" అనండి. మీరు ఫ్యాక్టరీలో పనిచేయకపోయినా ఇది పనిచేస్తుంది. ఎవరికి ఏ షిఫ్టో ఎవరూ ఫోను చేసి కనుక్కోరు.

3. అక్షరాలు నేర్చుకోకండి. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మునిగిపోయేవాళ్లంతా ఇక్కడే మునుగుతారు. కొరియన్ లిపిని సెజోంగ్ రాజు 1443లో చేయించి 1446లో ప్రకటించాడు. మూలాక్షరాలు 24 మాత్రమే: హల్లులు 14, అచ్చులు 10. అఆల పట్టిక మొత్తం, దాని మీద గుణింతాలు, ఒత్తులు నేర్చిన తెలుగు పిల్లలకు అది నాలుగు రోజుల పని. నాలుగు రోజులు కూర్చుంటే హైవే మీద బోర్డులు చదవడం వచ్చేస్తుంది. చదవడం వస్తే ఇంకో మాట తెలుసుకోవాలనిపిస్తుంది. అక్కడ కాలు జారిందంటే వెనక్కి రాలేరు.

కాబట్టి ప్రతి మాటా తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. కొరియన్‌లో 'క' లాంటి శబ్దాలు మూడున్నాయి: ఒకటి మెత్తగా పలికేది, ఒకటి ఊపిరి వదిలేది, ఒకటి గొంతు బిగించేది. మూడింటికీ 'క' అనే రాయండి. 'ప', 'త', 'చ'లకూ అంతే. 'అ'కూ 'ఒ'కూ నడుమ పలికే అచ్చు ఒకటుంది, దాన్ని ఒక రోజు 'అ' అనీ మరో రోజు 'ఒ' అనీ రాయండి. నెల తర్వాత మీ నోటుబుక్కు మీకే అర్థం కాదు. అప్పుడు సారు దగ్గరికి పోయి "ఇంట్లో చాలా చదివినా సార్, బుర్రకు ఎక్కడం లేదు" అని చెప్పవచ్చు. అబద్ధం కూడా కాదు.

4. క్లాసులో రెండో వరస చివర కూర్చోండి. మొదటి వరసవాణ్ణి సారు ప్రశ్న అడుగుతాడు, ఆఖరి వరసవాణ్ణి అనుమానంతో అడుగుతాడు. రెండో వరస ఎవరికీ గుర్తుండదు. "అర్థమైందా?" అంటే మిగతావాళ్ల కంటే ఒక్క క్షణం ముందు తలాడించండి. పాఠం వ్యాకరణంలోకి దిగే సూచన కనిపించగానే చెయ్యెత్తి "సార్, కొరియాలో చలికాలం ఎట్లుంటుంది?" అని అడగండి. కొరియాకు పోయొచ్చిన సారు అయితే ఇరవై నిమిషాలు చెబుతాడు. పోని సారు అయితే అరగంట చెబుతాడు. గంటన్నర క్లాసుకు ఇట్లాంటివి మూడు సిద్ధంగా ఉంచుకోండి: చలి, తిండి, మగపిల్లలకు తప్పనిసరి సైన్యం. మూడోది చాలా బాగా పనిచేస్తుంది, క్లాసంతా చర్చలో దిగుతుంది.

5. హోంవర్కు ఫోనుతో చేయించండి. గూగుల్ ట్రాన్స్‌లేట్ ఉంది. తెలుగులో కొట్టి అది ఇచ్చింది దించేయండి. మరీ శుభ్రంగా ఉంటే సారుకు అనుమానం వస్తుంది, కాబట్టి రెండు మాటలు కొట్టేసి పక్కన తప్పుగా రాయండి. ఎర్ర సిరా పెన్నుతో దిద్దుకున్నట్టు కనిపించాలి. ఇట్లా చేసినవాళ్లను సారు మెచ్చుకుని పై లెవెల్‌కు పంపిస్తాడు. పై లెవెల్‌లో మీకు ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కానిచోట కష్టపడే ప్రశ్నే లేదు కాబట్టి ప్రాణం హాయిగా ఉంటుంది.

6. ఇంటి చదువు అంటే యాప్‌లో వరస తెగకుండా చూసుకోవడం. డుయోలింగో లాంటి యాప్‌లో రోజుకు ఒక్క పాఠం చేస్తే చాలు, నిప్పు బొమ్మ పక్కన అంకె పెరుగుతుంది. అదే పాఠం మళ్లీ చేసినా పెరుగుతుంది. కాబట్టి మొదటి పాఠమే రోజూ చేయండి. రాత్రి పదకొండూ యాభైకి, పడుకుని, కళ్లు సగం మూసుకుని చేయవచ్చు. ఒక రోజు మరిచిపోయినా వరస తెగకుండా కాపాడే సదుపాయం ఆ యాప్‌లోనే ఉంది. 200 రోజుల అంకె ఇంటికి వచ్చిన చుట్టాలకు చూపించండి. 200 రోజుల్లో ఎంత నేర్చుకున్నావని చుట్టాలు అడగరు. అడిగే చుట్టం ఎవరైనా ఉంటే వాళ్లొచ్చినప్పుడు క్లాసుకు పోండి.

7. కొరియన్ సీరియళ్లు తెలుగు డబ్బింగులో చూడండి. స్క్విడ్ గేమ్ దగ్గర్నుంచి చాలా వాటికి తెలుగు మాటలు వచ్చేశాయి. ఇంట్లో అడిగితే వినికిడి సాధన అని చెప్పండి. తెలుగు వినిపిస్తోందే అంటే, కథ ముందు తెలిస్తే భాష తర్వాత తేలికవుతుందని చెప్పండి. మామూలుగా ఒక్కో సీరియల్‌కు పదహారు ఎపిసోడ్లు, ఒక్కోటి గంటకు పైగా. ఒక వారం ఇంటి చదువు పూర్తయినట్టే.

పట్టుదల ఎక్కువై కొరియన్ మాటల్లోనే చూస్తే కూడా ఒక లాభం ఉంది. సీరియళ్లలో స్నేహితులు, ప్రేమికులు మాట్లాడుకునే చనువు మాటలే ఎక్కువగా చెవిన పడతాయి. కొరియన్‌లో మర్యాదల మెట్లు గట్టివి. పెద్దవాళ్లతో, పై అధికారితో క్రియ చివరే మారిపోతుంది. ఆ సంగతి క్లాసులో చెప్పిన రోజు మీరు ఎటూ పోరు కదా. సీరియల్ మాటలు తీసుకుపోయి ఇంటర్వ్యూలో మేనేజరుతో నిస్సంకోచంగా మాట్లాడండి. వాడిని మీరు "ఒరేయ్" అన్నట్టు ఉంటుంది. ఆ రోజు తర్వాత మిమ్మల్ని కొరియన్‌లో మాట్లాడమని ఎవరూ పిలవరు.

8. నాయనకూ సారుకూ వేరే వేరే సమాధానాలు సిద్ధం చేసుకోండి. ఇద్దరూ అడిగేది ఒకటే, చెప్పాల్సింది రెండు.

"ఏమ్రా, ఇంట్లో పుస్తకం ముట్టేదే లేదు?"

"క్లాసులోనే అంతా చదివిస్తాండారు నాయనా. ఇంట్లో వేరేగా చదివితే గందరగోళం అయితాదంట."

ఆ మాట చెప్పి సారు దగ్గరికి పోండి.

"రెండు వారాలుగా కనపడలేదేమయ్యా?"

"ఇంట్లో ముందు పాఠాలు చదువుకుంటాండా సార్. క్లాసు ఇంకా నాలుగో పాఠంలోనే ఉంది కదా అని."

నాయన సంతోషిస్తాడు, సారు ఇంకా సంతోషిస్తాడు. వీళ్లిద్దరూ కలవకూడదు. చేరేటప్పుడు ఫారంలో తండ్రి ఫోను నంబరు అన్నచోట మామ కొడుకు నంబరు రాయండి, వాడికి గొంతు కాస్త బొంగురుగా ఉండేట్టు చూసుకోండి. నాయన మరీ గట్టిగా నిలదీస్తే, 2020 జాతీయ విద్యా విధానంలో బడి పిల్లలకు నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్ పేరు కూడా రాశారని చెప్పండి. నిజంగానే రాశారు. గవర్నమెంటే బళ్లో చెప్పబోతున్నప్పుడు మనం తొందరపడటమెందుకని అడగండి. మీరు బడి దాటి ఏడేళ్లయిందన్న సంగతి ఆ వేడిలో నాయనకు తట్టదు.

9. క్లాసునూ ఇంటి చదువునూ కలవనివ్వకండి. మిగతావన్నీ మరిచినా ఇది మరవకండి. ధర్మవరంలో సార్లు చెప్పే మాట ఒకటుంది: క్లాసు పడుగు, ఇంటి చదువు పేక, రెండూ పడితేనే చీర అని. మగ్గం తెలిసిన ఊరు కాబట్టి పిల్లలు వెంటనే తలాడిస్తారు. నిజానికి ఆ మాట ఎంత సరైనదో అంత ప్రమాదం. పొద్దున క్లాసులో చెవిన పడిన మాటను సాయంత్రం ఇంట్లో రాసి, మర్నాడు క్లాసులో నోటితో అంటే అది ఇక పోదు. ఇంట్లో వచ్చిన అనుమానం క్లాసులో అడిగితే ఆ అనుమానం తీరిపోతుంది. కలవకుండా చూడాలంటే పద్ధతిగా చేయాలి. క్లాసులో ఒక పుస్తకం వాడితే ఇంటికి ఇంకో పుస్తకం కొనండి. క్లాసు పదో పాఠంలో ఉంటే ఇంట్లో ఒకటో పాఠం తెరవండి. యాప్‌లో పొరపాటున క్లాసులో చెప్పిందే వస్తే దాన్ని దాటేయండి. అనుమానాలు రాసుకోవడానికి ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి, క్లాసుకు పోయేటప్పుడు దాన్ని ఇంట్లో పెట్టిపోండి.

కలిపితే ఏమవుతుందో మన పెనుకొండలోనే చూశాం. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో పుట్టినాయన, ఆయన చిన్నతనం పెనుకొండలో గడిచింది. ఇంట్లో తండ్రి దగ్గర పాండిత్యం, ఊళ్లో ఉన్న ఒక ఇంగ్లీషు దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం, ఆపైన సొంత చదువు. ఒకరు చెప్పింది ఇంకో చోట ఆపకుండా పట్టుకుపోయారు. చివరికి ఏమైంది? పద్నాలుగు భాషలు అంటుకున్నాయి. విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'ను తెలుగు నుంచి మలయాళంలోకి తీసుకుపోవాల్సి వచ్చింది, ఆ పనికి కూడా ఇంకొకరు దొరకనట్టు. చిన్న వయసులో రాసిన 'పెనుగొండ లక్ష్మి' కావ్యమే తర్వాత విద్వాన్ పరీక్షలో ఆయనకు పాఠ్యపుస్తకంగా ఎదురైందనీ, రెండు మార్కుల ప్రశ్నకు నలభై పేజీలు రాస్తూ కూర్చుని టైము చాలక పరీక్ష తప్పారనీ సాహిత్యం తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. విషయం ఎక్కువ తెలిస్తే పరీక్షకు ఎంత నష్టమో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. రెండు మార్కులకు రెండు ముక్కలు మాత్రమే తెలిసినవాడు ఆ రోజు హాయిగా పాసై ఉంటాడు.

10. వ్యాకరణం జోలికి పోకండి, అది మనకు పుట్టుకతోనే వచ్చని చెప్పుకోండి. కొరియన్‌లో కూడా తెలుగులాగే కర్త, కర్మ ముందు వచ్చి క్రియ చివర కూర్చుంటుంది. విభక్తులు మాట వెనకే అతుక్కుంటాయి. ఇంగ్లీషువాడు ఏళ్ల తరబడి కుస్తీ పట్టే వాక్యం మనకు సొంత ఇల్లులా ఉంటుంది. అంత దగ్గరి భాషను మళ్లీ చదవడమెందుకు? మాటలు మాత్రం తెలియవు, అవి వాటంతట అవే వస్తాయి. హిందూపురంలో ఎవరు క్లాసుకు పోయి కన్నడం నేర్చుకున్నారు? సరిహద్దు పక్కన ఉన్నాం, వచ్చేసింది. ఎర్రమంచి కూడా పక్కనే ఉంది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చోండి.

11. అంకెల దగ్గర ఆగిపోండి. కొరియన్‌లో అంకెలు రెండు వరసలు. గంటలు చెప్పడానికి ఒక వరస, నిమిషాలకు ఇంకో వరస. దీన్ని మించిన సాకు ఏ భాషా ఇవ్వదు. "అంకెలు పూర్తయినాక ముందుకు పోతా సార్" అని చెప్పి ఒక్క వరసలో పది దాకా నేర్చుకోండి. టైము అడిగితే చేతి గడియారం చూపించండి.

12. టోపిక్, అంటే కొరియన్ భాష ఎంత వచ్చో కొలిచే పరీక్ష. దీని గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. తొలి స్థాయి పరీక్షలో (టోపిక్ 1) మొత్తం 70 ప్రశ్నలు, వినేవి 30, చదివేవి 40. అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించేవే. రాయడం లేదు, మాట్లాడటం లేదు. అంటే మాట్లాడటం నేర్చుకుంటే మీరు పరీక్షలో లేని పాఠం చదివినట్టు. 200 మార్కులకు 80 వస్తే లెవెల్ 1. అన్ని ప్రశ్నలకూ ఒకే వరసలో గడి నింపుకుంటూ పోతే 50 దాకా ఊరికే వచ్చే వీలుంది. మిగతా 30 కోసం లేపాక్షి వీరభద్రస్వామికి మొక్కుకోండి, హిందూపురానికి పదిహేను కిలోమీటర్లే. హిందీ పరీక్షలు ప్రాథమిక నుంచి విశారద దాకా గైడు పుస్తకాలతో దాటి, ఢిల్లీ రైల్లో కిటికీ పక్కన నోరు మెదపకుండా కూర్చున్న పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లను అడగండి, దారి చూపిస్తారు.

ఆ పరీక్ష రాయడానికి కూడా బద్ధకంగా ఉంటే ఇంకో మార్గం ఉంది. ఆ సర్టిఫికెట్టు రెండేళ్లే చెల్లుతుంది. కాబట్టి ఉద్యోగం ఖాయమైనాక రాస్తానని ఇంట్లో చెప్పండి. కంపెనీ సర్టిఫికెట్టు ఉంటేనే ఉద్యోగం అంటుంది. ఈ రెండు మాటల మధ్య ఎంతకాలమైనా కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

13. నిజమైన కొరియావాళ్లకు దూరంగా ఉండండి. పెనుకొండలో టీ కొట్టు దగ్గర ఎదురైతే నవ్వి తప్పుకోండి. ఒక్క నెల రోజూ పలకరించారంటే క్లాసూ ఇంటి చదువూ కలిసి చేయలేని పని జరిగిపోతుంది. అంతగా మాట్లాడాల్సి వస్తే తెలుగులోనే మాట్లాడండి, నిదానంగా, గట్టిగా. ఆరు నెలల్లో ఆ కొరియా సారుకే తెలుగు వస్తుంది. క్యాంటీన్‌లో సాంబారు కావాలో వద్దో చెబుతాడు, లైను మీద ఏ బోల్టు వదులుగా ఉందో చెబుతాడు. అప్పుడు మీ ఇంట్లో గర్వంగా చెప్పండి, మా కొరియా సారుకూ నాకూ మధ్య మాటకు లోటు లేదని.

14. క్లాసు మీకన్నా ముందుకు పోయిందనిపించగానే మానేసి, కొత్త బ్యాచ్‌లో మళ్లీ లెవెల్ 1లో చేరండి. పునాది గట్టిపడాలని చెప్పండి, ఎవరూ కాదనరు. మొదటి పాఠం మీకు ఎటూ వచ్చు, యాప్‌లో రోజూ చేసిందే కదా. కొత్తగా చేరినవాళ్లు నోరు తెరిచి చూస్తారు. సారు మిమ్మల్ని క్లాసు లీడరును చేస్తాడు, హాజరు పుస్తకం మీ చేతికే ఇస్తాడు. తమ్ముణ్ణి కూడా అదే బ్యాచ్‌లో చేర్పించండి. ఇద్దరి హాజరూ మీరే వేసుకోవచ్చు, వాడు ఇంట్లో కూర్చుని మీ యాప్‌లో వరస తెగకుండా చూస్తాడు.